కాలేయానికీ డయాలసిస్‌: యంత్రం ఇచ్చేది గడువే

"కామెర్లు ముదిరాయి. లివర్‌ దెబ్బతింది. వెంటనే పట్నం తీసుకుపొండి" అని డాక్టరు చెప్పగానే పల్లెలో ఇంటిల్లిపాదికీ కాళ్లూ చేతులూ ఆడవు. అంతలో ఎవరో ఒకరు ధైర్యం చెబుతారు. "కిడ్నీలు పాడైనవాళ్లకు చేస్తున్నట్లే ఇప్పుడు లివర్‌కు కూడా డయాలసిస్‌ చేస్తున్నారట. ఎంతయినా సరే, ఆ మిషను మీద పెట్టిస్తే మనిషి దక్కుతాడు" అంటారు. ఆ ఒక్క మాట మీద ఆశ పెట్టుకుని ఉన్న ఎకరం బేరానికి పెట్టేవారున్నారు. నగానట్రా తాకట్టు పెట్టేవారున్నారు.

ఆ మాట అబద్ధం కాదు. అటువంటి యంత్రం ఉంది. అయితే అది చేయగలిగిన పని ఎంత, చేయలేని పని ఎంత అన్నది తెలియకపోతే డబ్బూ పోతుంది, అంతకంటే విలువైన కాలమూ పోతుంది. ముఖ్యంగా మందుబిళ్లల వల్ల కాలేయం ఉన్నట్టుండి దెబ్బతిన్నప్పుడు రోగి బతుకు చాలావరకు యంత్రం మీద కాక, మొదటి గంటల్లో, మొదటి రోజుల్లో ఇంట్లోవాళ్లు చేసే పని మీద ఆధారపడి ఉంటుంది.

కిడ్నీకి సరిపోయిన జల్లెడ

మూత్రపిండాల పని చేసిపెట్టే యంత్రాన్ని 1943లో నెదర్లాండ్స్‌ దేశంలోని కాంపెన్‌ పట్టణంలో విలెం కోల్ఫ్‌ అనే డాక్టరు తయారుచేశారు. అది యుద్ధకాలం. మొదట్లో దాని మీద పెట్టిన రోగులు ఒక్కొక్కరే చనిపోయారు. 1945లో స్పృహ తప్పిన 67 ఏళ్ల స్త్రీ ఆ యంత్రం సాయంతో తేరుకుని బతికింది. ఆనాటి నుంచి డయాలసిస్‌ ప్రపంచమంతటా వ్యాపించింది.

దాని పద్ధతి జల్లెడ పట్టడం వంటిది. రక్తాన్ని పలుచని పొర వెంట నడిపిస్తారు. పొరకు అవతలి పక్క మందునీరు పారుతుంది. పొరలో కంటికి కనిపించనంత సన్నని రంధ్రాలుంటాయి. యూరియా వంటి మలినాలు నీటిలో కరిగి ఉంటాయి గనుక ఆ రంధ్రాల గుండా అవతలికి జారిపోతాయి. రక్తకణాలూ, మాంసకృత్తులూ పెద్దవి కాబట్టి ఇవతలే నిలుస్తాయి.

కాలేయం తీసివేసే మలినాల సంగతి వేరు. కామెర్లలో కళ్లకు పసుపు రంగు తెచ్చే బిలిరుబిన్‌, పైత్యరసంలోని ఆమ్లాలు నీటిలో సరిగా కరగవు. అవి రక్తంలో ఉండే ఆల్బుమిన్‌ అనే మాంసకృత్తును అంటిపెట్టుకుని తిరుగుతాయి. ఆల్బుమిన్‌ను ఒక బండి అనుకుంటే ఈ మలినాలు దానిమీది బస్తాలు. బండి జల్లెడలో దూరదు. అందుచేత బస్తాలూ దిగవు. మామూలు డయాలసిస్‌ ఎన్ని గంటలు చేసినా కామెర్ల పసుపు పెద్దగా తగ్గకపోవడానికి కారణం ఇదే.

అవతలి గట్టున రెండో బండి

దీనికి 1990 దశకంలో జర్మనీలోని రోస్టాక్‌ విశ్వవిద్యాలయంలో యాన్‌ స్టాంగె, స్టెఫెన్‌ మిట్జ్‌నర్‌ అనే వైద్యులు ఒక ఉపాయం కనిపెట్టారు. పొరకు అవతలి పక్క వట్టి మందునీటికి బదులు శుభ్రమైన ఆల్బుమిన్‌ కలిపిన ద్రవాన్ని పారించారు. ఇవతలి బండి మీద బస్తాలు నిండుగా ఉన్నాయి, అవతలి బండి ఖాళీగా ఉంది. పొర మీదుగా బస్తాలు ఈ బండి నుంచి ఆ బండికి మారతాయి. అలా మలినాలు ఎత్తుకున్న ఆల్బుమిన్‌ను బొగ్గుపొడి నింపిన గొట్టం గుండా, మరో రకం రెసిన్‌ నింపిన గొట్టం గుండా పంపి శుభ్రం చేసి, మళ్లీ పొర దగ్గరకు తెస్తారు. నీటిలో కరిగే మలినాలను తీసేందుకు మామూలు డయాలసిస్‌ కూడా అదే వరుసలో జరుగుతుంది. ఒక్కో విడత ఆరు నుంచి ఎనిమిది గంటలు పడుతుంది. ఈ పద్ధతికే మార్స్‌ అని పేరు. మందులు మోతాదు మించినప్పుడు, విషాలు ఒంట్లోకి పోయినప్పుడు వాడటానికి అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2005లో దీనికి అనుమతి ఇచ్చింది.

మామూలు కిడ్నీ డయాలసిస్‌ కూడా కాలేయ రోగులకు పూర్తిగా పనికిరానిదేమీ కాదు. కాలేయం పనిచేయనప్పుడు రక్తంలో అమ్మోనియా పెరిగి మెదడు వాస్తుంది. రోగి ప్రాణం తీసేది చాలాసార్లు ఈ వాపే. అమ్మోనియా చిన్న పదార్థం, జల్లెడలో దూరుతుంది. అందువల్ల రోజంతా నెమ్మదిగా సాగే డయాలసిస్‌ ద్వారా దాన్ని తగ్గిస్తూ ఉండటం పెద్ద ఆసుపత్రుల్లో చేస్తున్న చికిత్సే.

కడగటం వేరు, తయారుచేయటం వేరు

అయితే కాలేయం చాకిరేవు మాత్రమే కాదు, వంటిల్లు కూడా. గాయమైతే రక్తం గడ్డకట్టడానికి కావలసిన పదార్థాలను తయారుచేసేది అదే. తిండి లేని వేళ రక్తంలోకి చక్కెర వదిలేది అదే. ఆల్బుమిన్‌ను పుట్టించేదీ అదే. యంత్రం మలినాన్ని కడుగుతుంది గాని వీటిలో ఒక్కటీ తయారుచేయలేదు. పైగా రక్తం సరిగా గడ్డకట్టని మనిషికి లావుపాటి గొట్టాలు అమర్చి యంత్రం నడపటంలో రక్తస్రావం భయం కూడా ఉంటుంది.

మరి ఆ యంత్రం ఎందుకు? గడువు కోసం. కాలేయానికి మరే అవయవానికీ లేని గుణం ఒకటుంది. మూడింట రెండు వంతులు కోసి తీసేసినా మిగిలిన భాగం మళ్లీ పెరుగుతుంది. మందు దెబ్బకు కణాలు చచ్చినా, మిగిలినవి పిలకలు వేసేదాకా మనిషిని నిలబెట్టగలిగితే కాలేయం తనంతట తాను కోలుకోవచ్చు. కోలుకోదని తేలితే, మార్పిడికి మరో కాలేయం దొరికేదాకానైనా నిలబెట్టాలి. ఈ రెండింటి మధ్య వంతెన వేయడమే యంత్రం పని. అవతలి గట్టు లేకపోతే వంతెన వేసి ప్రయోజనం లేదు.

పరీక్షల్లో తేలిందేమిటి?

ఫ్రాన్స్‌లో 16 ఆసుపత్రుల వైద్యులు కలిసి 102 మంది రోగుల మీద మార్స్‌ పద్ధతిని పరీక్షించి 2013లో ఫలితాలు ప్రకటించారు. ఆరు నెలల తరువాత మామూలు చికిత్స పొందినవారిలో నూటికి 75 మంది, యంత్రం మీద పెట్టినవారిలో నూటికి 85 మంది బతికి ఉన్నారు. చూడటానికి తేడా ఉన్నా, అది కాకతాళీయం కాదని చెప్పడానికి ఆ లెక్కలు చాలవని ఆ వైద్యులే తేల్చారు. మరో సంగతి కూడా ఉంది. ఆ దేశంలో మార్పిడి అవసరమైనవారిలో సగం మందికి 16 గంటల అటూఇటూగానే కాలేయం దొరికింది. యంత్రం తన సత్తా చూపేలోపే ఆపరేషను జరిగిపోయింది. మన దేశంలో చనిపోయినవారి కాలేయం అంత తొందరగా దొరకడం అరుదు. ఇక్కడ ఎక్కువ మార్పిడులు ఇంట్లోవాళ్లు తమ కాలేయంలో కొంత భాగం ఇవ్వడం వల్లనే జరుగుతున్నాయి.

ఇంకో పద్ధతి రక్తంలోని ప్లాస్మాను మార్చటం. కణాలను ఉంచి, మలినాలతో నిండిన ప్లాస్మా అనే పసుపుపచ్చని ద్రవాన్ని తీసివేస్తారు. దాతలిచ్చిన ప్లాస్మాను దాని స్థానంలో ఎక్కిస్తారు. ఇందులో ఒక సౌలభ్యం ఉంది. మలినం పోవడమే కాక, రక్తం గడ్డకట్టే పదార్థాలు కొత్తగా వచ్చి చేరతాయి. యూరప్‌లో 182 మంది మీద జరిపిన పరీక్ష ఫలితాలు 2016లో వెలువడ్డాయి. రోజూ పెద్ద మొత్తంలో మూడు రోజులపాటు ప్లాస్మా మార్చినవారిలో నూటికి 59 మంది ఇంటికి చేరారు. మార్చనివారిలో 48 మంది చేరారు. ఈ తేడా గట్టిదేనని వైద్యలోకం ఒప్పుకుంది. తమిళనాడులోని వేలూరు క్రైస్తవ వైద్య కళాశాల వైద్యులు ఎలుకల మందు తిని కాలేయం చెడినవారికి ఇదే పద్ధతిని తక్కువ మొత్తంలో వాడి ఫలితాలు ప్రకటించారు.

ఈ లెక్కలను కళ్లు తెరిచి చూడాలి. ప్రపంచంలో మేలైన ఆసుపత్రుల్లో, మేలైన యంత్రాలతో చేసినా నూటికి పది మంది అదనంగా దక్కారు. అదీ తక్కువేమీ కాదు. కాని ఆ పరిస్థితి రాకముందే ఆపగలిగితే దక్కేది నూటికి తొంభైకి పైనే.

పారాసిటమాల్‌కు ఎనిమిది గంటలు

జ్వరానికి, ఒళ్లు నొప్పులకు వాడే పారాసిటమాల్‌ సరైన మోతాదులో మంచి మందు. మోతాదు మించితే కాలేయాన్ని చంపుతుంది. ఈ సంగతి మొదట 1966లో స్కాట్లండ్‌లోని ఎడిన్‌బరో వైద్యులు బయటపెట్టారు. ఆ బిళ్లలో కొద్దిభాగం ఒంట్లో విషంగా మారుతుంది. కాలేయంలో ఉండే గ్లూటాథయోన్‌ అనే పదార్థం దాన్ని ఎప్పటికప్పుడు విరిచేస్తుంది. బిళ్లలు ఎక్కువైతే ఆ నిల్వ అయిపోతుంది. సారా తాగేవారిలో, తిండి సరిగా లేనివారిలో ఆ నిల్వ మొదటే తక్కువ.

దీనికి విరుగుడు ఉంది. 1970 దశకంలోనే ఎడిన్‌బరో వైద్యులు వాడి చూపిన ఎసిటైల్‌ సిస్టీన్‌ అనే మందు ఖాళీ అయిన నిల్వను మళ్లీ నింపుతుంది. అది ఖరీదైన మందు కాదు. మింగిన ఎనిమిది గంటల్లోపు ఎక్కిస్తే కాలేయం దాదాపు పూర్తిగా దక్కుతుంది. ఆ తరువాత ఇచ్చినా మేలే గాని, గంట గంటకూ ఫలం తగ్గుతుంది.

ఇక్కడే ఒక మోసం ఉంది. మొదటి రోజు వాంతులు, వికారం తప్ప ఏమీ కనిపించదు. రెండో రోజు తేలికపడినట్లు ఉంటుంది. ఇంట్లోవాళ్లు గండం గడిచిందనుకుంటారు. మూడో రోజుకు, నాలుగో రోజుకు కళ్లు పచ్చబడి మాట తడబడుతుంది. అందుకే కోపంలోనో, దుఃఖంలోనో ఎవరైనా బిళ్లలు మింగారని తెలిస్తే, మనిషి బాగానే ఉన్నా అదే క్షణంలో 108కి ఫోను చేసి ఆసుపత్రికి చేర్చాలి. ఖాళీ అయిన బిళ్లల అట్ట వెంట తీసుకుపోవాలి. పరువు పోతుందని దాచటం ప్రాణం మీదికి తెస్తుంది. మనసులో ఆ ఆలోచన ఉన్నవారు ప్రభుత్వం నడిపే టెలీ మానస్‌ 14416 నంబరుకు ఖర్చు లేకుండా ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

తెలియక మోతాదు మించడం కూడా ఉంది. పెద్దవాళ్లకు రోజు మొత్తం మీద నాలుగు గ్రాములు దాటరాదు. అంటే 500 బిళ్లలు ఎనిమిది, 650 బిళ్లలు ఆరు. సారా అలవాటున్నవారు, బక్కచిక్కినవారు అందులో సగానికే ఆగాలని వైద్యులు చెబుతారు. నాట్లు, కలుపుతీతల రోజుల్లో నడుం నొప్పికని కొట్లో కొనే బిళ్లల్లో, జలుబు బిళ్లల్లో, ఆర్‌.ఎం.పి. ఇచ్చే పొట్లాల్లో కూడా చాలావరకు పారాసిటమాల్‌ కలిసి ఉంటుంది. మూడు పేర్లతో మూడుసార్లు వేసుకుంటే ఒకే మందు మూడింతలైనట్లు.

పసిపిల్లల విషయంలో మరింత జాగ్రత్త కావాలి. మామూలుగా దొరికే పిల్లల సిరప్‌ 5 మి.లీ.లో 125 మి.గ్రా. మందు ఉంటుంది. చుక్కల మందులో ఒక్క మి.లీ.లోనే 100 మి.గ్రా. ఉంటుంది. చుక్కల సీసాను సిరప్‌ అనుకుని చిన్న చెంచా నిండా పోస్తే చంటిబిడ్డకు పెద్దవాళ్ల 500 బిళ్ల మింగించినట్లే. సీసాతో వచ్చిన గొట్టంతోనే కొలవాలి.

బిళ్లల అమ్మకాన్ని అదుపు చేసినా ప్రాణాలు దక్కుతాయని ఇంగ్లండు అనుభవం చెబుతోంది. 1998లో అక్కడి ప్రభుత్వం మందుల షాపుల్లో ఒక పెట్టెకు 32 బిళ్లలు, మామూలు కొట్లలో 16 బిళ్లలు మించరాదని కట్టడి పెట్టింది. తరువాతి పదకొండేళ్లలో పారాసిటమాల్‌ చావులు అంతకు ముందున్న ధోరణితో పోలిస్తే నూటికి 43 వంతులు తగ్గాయని 2013లో ఆక్స్‌ఫర్డ్‌ పరిశోధకులు లెక్క తేల్చారు. అక్కడ పని చేసింది యంత్రం కాదు, పెట్టె సైజు.

క్షయ మందులు మానకూడదు, కామెర్లు దాచకూడదు

మన దేశంలో మందుల వల్ల కాలేయం చెడటానికి మొదటి కారణం క్షయ మందులే. ఐసోనియాజిడ్‌, రిఫాంపిసిన్‌, పైరజినమైడ్‌ మూడూ కొందరికి పడవు. ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థలో 1986 నుంచి 2009 వరకు కాలేయం హఠాత్తుగా విఫలమై చేరిన 1,223 మందిలో 70 మందికి కారణం క్షయ మందులే. వారిలో 47 మంది చనిపోయారు. సగానికి పైగా రోగులకు క్షయ అని గట్టిగా నిర్ధారణ కాకుండానే మందులు మొదలుపెట్టారని కూడా ఆ అధ్యయనంలో తేలింది.

ఇది చదివి క్షయ మందులు ఆపేయటం మరింత ప్రమాదం. క్షయ ప్రాణాలు తీసే జబ్బు. ఈ మందులు లక్షలమందిని బతికిస్తున్నాయి. కావలసింది భయం కాదు, కనిపెట్టి ఉండటం. మొదటి రెండు నెలలు ముఖ్యం. ఆకలి చచ్చిపోవటం, ఆగని వికారం, కుడి డొక్కలో నొప్పి, కళ్లు పచ్చబడటం కనిపిస్తే ఆ పూట బిళ్ల ఆపి, అదే రోజు మందులిచ్చిన ఆసుపత్రికి పోవాలి. రక్తపరీక్ష చేసి డాక్టరు నిర్ణయిస్తారు. కాలేయం కుదుటపడ్డాక ఒక్కో మందునూ విడివిడిగా మళ్లీ మొదలుపెడతారు. సొంతంగా ఆపి ఊరుకోకూడదు. రిఫాంపిసిన్‌ వల్ల మూత్రం ఎర్రగా రావటం మామూలే, దానికి భయం లేదు. కళ్లలో పసుపు మాత్రం మామూలు కాదు. సారా తాగేవారు, ముసలివారు, హెపటైటిస్‌ బి ఉన్నవారు ముందుగానే డాక్టరుకు ఆ మాట చెప్పాలి.

పారాసిటమాల్‌కు వాడే విరుగుడు మందు ఇక్కడ కూడా కొంత పనికివస్తుంది. అమెరికాలో 173 మంది మీద జరిపి 2009లో ప్రకటించిన పరీక్షలో, స్పృహ పూర్తిగా చెదరకముందే ఈ మందు అందినవారిలో నూటికి 52 మంది మార్పిడి లేకుండానే బతికారు. అందనివారిలో 30 మందే బతికారు. మత్తులోకి జారిపోయాక ఇచ్చినవారికి ఆ మేలు కనిపించలేదు.

పసరు మింగి గడిపిన రోజులు

కామెర్లు అనగానే పసరు పోయించటం, చేతికి వాతలు పెట్టించటం పల్లెల్లో ఇప్పటికీ ఉంది. చాలా కామెర్లు వాటంతటవే తగ్గే రకం గనుక పసరుకు పేరొస్తుంది. మందుల వల్ల వచ్చిన కామెర్లు ఆ రకం కాదు. పసరు కోసం తిరుగుతూ, కామెర్లు తెచ్చిన బిళ్లను ఒకపక్క మింగుతూనే ఉంటే కాలేయానికి కోలుకునే వీలుండదు. ఆకు మందు గనుక హాని లేదనుకోవటం కూడా పొరపాటే. తిప్పతీగ వాడిన కొందరికి కాలేయం దెబ్బతిన్నదని ముంబాయి వైద్యులు 2021లో నివేదించారు.

కామెర్లున్న మనిషి పగలు నిద్రపోయి రాత్రి మేల్కొంటున్నా, తెలిసినవారి పేర్లు తడబడుతున్నా, చాచిన చేతులు రెక్కలాడినట్లు వణుకుతున్నా, చిగుళ్ల నుంచి రక్తం కారుతున్నా ఒక్క పూట కూడా ఆగరాదు. అలజడిగా ఉన్నాడని నిద్రబిళ్ల వేయరాదు. మొదటే కాలేయ మార్పిడి వసతి ఉన్న ఆసుపత్రికి పంపమని డాక్టరును అడగాలి.

సంతకం పెట్టేముందు

పట్నం ఆసుపత్రిలో యంత్రం మాట వచ్చినప్పుడు ఇంట్లోవాళ్లు నాలుగు ప్రశ్నలు అడగటం తమ హక్కు. కాలేయం తనంతట తాను కోలుకునే ఆశ ఎంత ఉంది? కోలుకోకపోతే మార్పిడి ఇక్కడే చేస్తారా, ఇంట్లో ఎవరైనా ఇవ్వటానికి పనికివస్తారా? ప్లాస్మా మార్పిడి చాలదా, మార్స్‌ యంత్రమే ఎందుకు? ఎన్ని విడతలు, ఒక్కో విడతకు ఎంత, ప్రభుత్వ ఆరోగ్య పథకంలో ఏది వస్తుంది, ఏది రాదు? గొట్టాలు, ఆల్బుమిన్‌ విడతకు విడతా కొత్తవి కావాలి గనుక ఖర్చు త్వరగా పెరుగుతుంది. మంచి డాక్టరు ఈ ప్రశ్నలకు విసుక్కోరు.

యంత్రం తెచ్చిచ్చేది రోజులు. ఆ రోజులు ఎందుకు వాడతారో ముందే తెలిసి ఉన్నప్పుడే దానికి పెట్టిన డబ్బుకు అర్థం ఉంటుంది. అంతకు ముందు, ఊళ్లోనే, ఖర్చు లేకుండా చేతిలో ఉన్న గంటలు కొన్ని ఉంటాయి. బిళ్లల అట్ట చేతిలో పట్టుకుని ఆ పూటే ఆసుపత్రికి బయలుదేరిన మనిషికి ఆ పెద్ద యంత్రంతో చాలాసార్లు పనే పడదు.